చౌదార్ చెరువు, మహద్ మున్సిపాలిటీ, మన బాబాసాహెబ్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా బాబాసాహెబ్ అంబేడ్కర్ గారి మీద ఒక వ్యాసం వస్తుంది. ఈసారి ఆ పని పాత విద్యార్థులమైన మాకు అప్పగించారు. రాయడానికి ముందు దొరికినన్ని పాత సంచికలు తిరగేశాం. అన్నిటిలోనూ ఆయన విదేశీ చదువు ఉంది, రాజ్యాంగ రచన ఉంది, నాగపూర్ దీక్ష ఉంది. అవన్నీ మీరు పదో తరగతి లోపే కంఠస్థం చేసి వక్తృత్వ పోటీల్లో చెప్పి బహుమతులు తెచ్చుకున్నవే. అందుకని మేము వేరే దారి పట్టాం. మున్సిపాలిటీ అనే చిన్న సర్కారు ఆయన జీవితంలో ఎక్కడెక్కడ ఎదురైందో, దానితో ఆయన ఎలా తలపడ్డారో చెప్పాలనుకున్నాం.

మున్సిపాలిటీయే ఎందుకంటే మా సంగతి కొంచెం చెప్పాలి. మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో వెనక పెరట్లో ఒకే ఒక కుళాయి. రెండు రోజులకొకసారి నీళ్ళొచ్చేవి. తెల్లవారుజామున నాలుగింటికే బకెట్లు వరుసలో పెట్టి, పక్కనే గోడకి ఆనుకుని చదువుకునేవాళ్ళం. ఒకసారి వార్డెన్ సారు రాసిచ్చిన అర్జీ పట్టుకుని నలుగురం మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాం. దాన్ని తీసుకున్న గుమస్తా, ఇంకో పైపు వేయాలంటే కౌన్సిల్లో పెట్టాలని, తీర్మానం కావాలని చెప్పి పంపేశాడు. తీర్మానమంటే ఏమిటో, ఎవరు చేస్తారో, ఎందుకు చేయరో మాకు ఒక్క ముక్క తెలియదు. సాంఘికశాస్త్రం పుస్తకంలో స్థానిక స్వపరిపాలన పాఠం ఉంది గానీ, అది రెండు మార్కుల ప్రశ్న. ఆ కుళాయికీ బాబాసాహెబ్‌కీ సంబంధం ఉందని చాలా ఏళ్ళ తర్వాత గానీ మాకు తెలియలేదు.

భీమ్‌రావ్ 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. వాళ్ళ స్వగ్రామం అంబడవే కొంకణ ప్రాంతంలోని రత్నగిరి జిల్లాలో ఉంది. తండ్రి పదవీ విరమణ తర్వాత కుటుంబం సతారాలో స్థిరపడింది. అక్కడి బడిలో ఆయనకు గోనెపట్టా వేరు, కూర్చునే చోటు వేరు. మిగతా పిల్లలు దాహమైతే పంతులుగారిని అడిగి కుళాయి దగ్గరికి వెళ్ళి తాగి వచ్చేవారు. ఈ పిల్లవాడు కుళాయిని తాకకూడదు. బడి బంట్రోతు వచ్చి తిప్పితేనే నీళ్ళు. బంట్రోతు రాని రోజు దాహంతోనే ఇంటికి. ఈ సంగతి ఆయనే తర్వాత రాసుకున్నారు. కుళాయి ఉంది, అందులో నీళ్ళున్నాయి, కానీ దాన్ని తిప్పే చెయ్యి ఇంకొకరిది. ఈ వ్యాసం చదువుతున్నంతసేపూ ఈ దృశ్యాన్ని మనసులో ఉంచుకోమని మా మనవి.

చదువు సంగతి మీకు తెలిసిందే గనక గబగబా చెప్పేస్తాం. 1907లో మెట్రిక్, 1912లో బి.ఏ., 1913లో బరోడా మహారాజా వేతనంతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం, ఆపైన లండన్. అక్కడ ఆయన ఏమి చదివారన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. కొలంబియాలో రాసిన పరిశోధన గ్రంథం బ్రిటిషు ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ ఎలా పెరిగిందన్న దాని మీద. పన్ను ఎవరు వేస్తారు, ఎవరు వసూలు చేస్తారు, ఎవరు ఖర్చుపెడతారు, పై సర్కారు కింది సర్కారుకి ఎంత అధికారం వదులుతుంది అనేవే అందులోని ప్రశ్నలు. అది 1925లో పుస్తకంగా వచ్చింది. 1919లో ఓటు హక్కు గురించి విచారించడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ ముందు కూడా ఆయన సాక్ష్యమిచ్చారు. ఆస్తిని బట్టి ఓటు ఇస్తే ఆస్తే లేకుండా చేయబడ్డ జనానికి ఓటు ఎప్పటికీ రాదని, అర్హతను తగ్గించాలని, తమ జనానికి తమ ప్రతినిధులు కావాలని వాదించారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్ళు.

ఇక్కడ కాసేపు ఆగి, ఆ రోజుల్లో మున్సిపాలిటీ అంటే ఏమిటో చూద్దాం. మన దేశంలో కంపెనీ పాలనలో 1850లో వచ్చిన ఒక చట్టంతో పట్టణాల్లో వీధులు బాగుచేయడానికి, దీపాలు పెట్టడానికి, చెత్త ఎత్తడానికి కమిటీలు వేసుకోవచ్చని అన్నారు. మన వైపు గుంటూరు, మచిలీపట్నం లాంటి ఊళ్ళలో 1866లో మున్సిపాలిటీలు వచ్చాయి. మొదట్లో సభ్యులను సర్కారే నియమించేది. కలెక్టరుకి నచ్చినవాళ్ళు, ఊళ్ళో పెద్దలు. 1882 మేలో లార్డ్ రిప్పన్ ప్రభుత్వం ఒక తీర్మానం చేసి, ఎన్నికైన సభ్యులు ఎక్కువగా ఉండాలని, అధికారులు బయటినుంచి చూస్తే చాలని చెప్పింది. రిప్పన్ని స్థానిక స్వపరిపాలన పితామహుడని పాఠంలో చదువుకున్నది అందుకే. బొంబాయి రాష్ట్రంలో 1884లో ఒక చట్టం, 1901లో ఇంకొకటి వచ్చాయి. ఆ చట్టాల కింద చిన్న పట్టణాలకి కూడా కౌన్సిలర్లు, అధ్యక్షుడు, ఇంటి పన్ను, సరుకుల మీద సుంకం, సర్కారు గ్రాంటు అన్నీ ఏర్పడ్డాయి. ఊరి వీధులు, కాలవలు, ఊరుమ్మడి బావులు, చెరువులు మున్సిపాలిటీ ఆస్తి అయ్యాయి. అయితే ఓటు అందరికీ లేదు. పన్ను కట్టేవాడికి, ఆస్తి ఉన్నవాడికే. అంటే చెరువు ఊరందరిదీ అని చట్టం చెప్పింది, ఆ చెరువు సంగతి తేల్చే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు మాత్రం పై వీధులవాళ్ళే. మున్సిపాలిటీలో మనవాళ్ళు లేరా అంటే ఉన్నారు, తెల్లారకముందే చీపుర్లు పట్టుకుని.

ఈ పరిస్థితుల్లో 1923 ఆగస్టు 4న బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే అనే సంస్కర్త ఒక తీర్మానం నెగ్గించారు. ప్రజాధనంతో కట్టిన, ప్రభుత్వ సంస్థలు నడిపే నీటి వనరులు, బడులు, సత్రాలు, ఆసుపత్రులు, కచేరీలు అన్నీ అంటరానివారిగా చూడబడుతున్న వారికీ తెరవాలన్నది దాని సారాంశం. సెప్టెంబరు 11న ప్రభుత్వం ఆ మేరకు ఉత్తర్వు పంపింది. కొన్ని స్థానిక సంస్థలు పాటించాయి, చాలావాటిలో ఆ కాగితం ఫైలులోకి వెళ్ళి పడుకుంది. 1926 ఆగస్టులో బోలే మళ్ళీ లేచి, దీన్ని పాటించని మున్సిపాలిటీలకు గ్రాంటు ఆపేయాలని ఇంకో తీర్మానం తేవాల్సి వచ్చింది. గ్రాంటు మాటెత్తితే తప్ప కదలని ఆఫీసులు అప్పుడూ ఉన్నాయన్నమాట.

లండన్ నుంచి తిరిగొచ్చిన అంబేడ్కర్ 1924 జూలై 20న బహిష్కృత హితకారిణీ సభను స్థాపించారు. ఆ సభ మొదట తలపెట్టిన పనుల్లో ఒకటేమిటో తెలుసా మిత్రులారా? హాస్టల్ పెట్టడం. 1925 జనవరిలో సోలాపూర్‌లో హైస్కూలు విద్యార్థుల కోసం వసతి గృహం తెరిచారు. సోలాపూర్ మనకి పరాయి ఊరు కాదు. మన తెలుగు పద్మశాలి నేత కుటుంబాలు వేల సంఖ్యలో వలసపోయి స్థిరపడ్డ పట్టణం. ఆ హాస్టల్ పిల్లల తిండి, బట్ట, చదువు ఖర్చుల కోసం సోలాపూర్ మున్సిపాలిటీ నెలకి 40 రూపాయలు గ్రాంటు ఇచ్చింది. నలభై రూపాయలంటే ఆ రోజుల్లో కూడా పెద్ద మొత్తం కాదు. కానీ మున్సిపాలిటీ ఖాతా పుస్తకంలో మన పిల్లల పేరు మీద ఒక పద్దు పడింది. మెస్ చార్జీలు పెంచమని కలెక్టరేట్ ముందు కూర్చున్న మా బ్యాచ్‌కి ఆ పద్దు విలువ బాగా తెలుసు. ఒక మున్సిపాలిటీ తలుచుకుంటే ఏమి చేయగలదో సోలాపూర్‌లో కనిపించింది. తలుచుకోకపోతే ఏమవుతుందో రెండేళ్ళకి మహద్‌లో కనిపించింది.

మహద్ అప్పటి కొలాబా జిల్లాలో సావిత్రీ నది పక్కనున్న చిన్న పట్టణం. ఆ జిల్లానే ఇప్పుడు రాయగఢ్ అంటున్నారు. ఆ కాలంలో మహద్‌లో పదివేల జనాభా కూడా లేదు. ఊరి మధ్యలో చౌదార్ చెరువు. చుట్టూ పై కులాల ఇళ్ళు. ముస్లింలు, క్రైస్తవులు ఆ నీళ్ళు తోడుకోవచ్చు. పశువులు తాగవచ్చు. చుట్టుపక్కల పల్లెల నుంచి అంగడికో కచేరీకో వచ్చిన మహర్లు, చమార్లు మాత్రం గుక్కెడు నీళ్ళ కోసం ఊరి చివర మన గూడేల వంటి పేటకి నడిచిపోవాలి. బోలే తీర్మానం తర్వాత, 1924 జనవరిలో మహద్ మున్సిపాలిటీ కౌన్సిలు కూర్చుని ఈ చెరువు అందరికీ తెరిచినట్టు తీర్మానం చేసింది. మున్సిపాలిటీ అధ్యక్షుడు సురేంద్రనాథ్ టిప్నిస్ పై కులానికి చెందినవాడే గానీ న్యాయం వైపు నిలబడ్డ మనిషి. ఆయన పేరు మన పాఠాల్లో ఎక్కడా లేదు, ఉండాల్సింది. కానీ తీర్మానం చేసి మూడేళ్ళు గడిచినా ఒక్కడు కూడా ఆ చెరువులో దిగలేదు. దిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. కౌన్సిలు మినిట్స్ పుస్తకంలో చెరువు తెరిచి ఉంది, ఊళ్ళో మూసి ఉంది.

మహద్ దగ్గరే పుట్టిన ఆర్.బి. మోరే అనే యువకుడు అక్కడ పెద్ద సభ పెట్టాలని తిరిగి తిరిగి ఏర్పాట్లు చేశాడు. 1927 మార్చి 19, 20 తేదీల్లో కొలాబా జిల్లా బహిష్కృత వర్గాల సమావేశం జరిగింది. పల్లె పల్లె నుంచి వేలమంది వచ్చారు. పదిహేనేళ్ళ కుర్రాళ్ళ నుంచి డెబ్బై ఏళ్ళ ముసలివాళ్ళ దాకా రొట్టెలు భుజాన మూటగట్టుకుని నడిచి వచ్చారు. అంతమందికీ తాగడానికి నీళ్ళు కావాలి కదా, ఊళ్ళో వాళ్ళ దగ్గర 40 రూపాయలు పోసి కొనాల్సి వచ్చింది. సోలాపూర్ మున్సిపాలిటీ ఒక నెలంతా హాస్టల్‌కి ఇచ్చిన సొమ్ము, మహద్‌లో మన చెరువు పక్కనే మనం నీళ్ళు కొనుక్కోవడానికి పోయింది. ఈ రెండు నలభైలూ ఒకదాని పక్కన ఒకటి కనబడ్డప్పుడు మాకు కాసేపు మాట రాలేదు.

రెండో రోజు ఉదయం సభ ముగింపులో మున్సిపాలిటీ తీర్మానాన్ని అమల్లో పెడదామన్న ప్రతిపాదన వచ్చింది. అంబేడ్కర్ ముందు నడిచారు. నలుగురేసి వరుసలో జనం వెనక నడిచారు. గొడవ లేదు, నినాదాల కేక తప్ప. చెరువు గట్టు దిగి ఆయన దోసిట్లో నీళ్ళు తీసుకుని తాగారు. వెనక వేలమంది తాగారు. సతారా బడిలో బంట్రోతు కోసం ఎదురుచూసిన పిల్లవాడికి అప్పుడు 35 ఏళ్ళు.

గమనించండి, ఆయన ఆ రోజు చట్టాన్ని ధిక్కరించలేదు. మున్సిపాలిటీ చేసిన తీర్మానాన్నే పాటించారు. చట్టాన్ని ధిక్కరించింది రెండు గంటల తర్వాత కర్రలు పట్టుకుని వచ్చినవాళ్ళు. వీళ్ళు వీరేశ్వరాలయంలోకి కూడా చొరబడతారట అని ఎవరో పుకారు లేపారు. పందిట్లో అన్నాలు తింటున్న వాళ్ళ మీద పడి కొట్టారు. ఆడవాళ్ళని, పిల్లల్ని కూడా వదల్లేదు. చాలామంది గాయపడ్డారు. బంగళాలో ఉన్న బాబాసాహెబ్ దగ్గరికి మనవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళలో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళున్నారు, మాట ఒక్కటి ఇస్తే బదులు తీర్చడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయన వద్దన్నారు. ఆ నిగ్రహం వల్లే ఆ తర్వాత కోర్టులో దోషులెవరో తేలింది, దాడి చేసినవాళ్ళలో కొందరికి జైలుశిక్ష పడింది.

ఆ తర్వాత చెరువుని శుద్ధి చేశారు. 108 కుండల నీళ్ళు తోడి, పాలు, పెరుగు, పేడ, పంచితం కలిపి మంత్రాలు చదువుతూ మళ్ళీ చెరువులో పోశారు. దీని మీద కోపం కంటే జాలి కలుగుతుంది. మాకు నిజంగా కోపం తెప్పించింది ఆ తర్వాత జరిగింది. 1927 ఆగస్టు 4న మహద్ మున్సిపాలిటీ మళ్ళీ సమావేశమై, చెరువు తెరుస్తూ చేసిన తన పాత తీర్మానాన్ని రద్దు చేసుకుంది. తేదీ చూడండి. బోలే తీర్మానం నెగ్గిన రోజుకి సరిగ్గా నాలుగేళ్ళు. టిప్నిస్ లాంటి అధ్యక్షుడున్నా కౌన్సిల్లో చేతులెత్తేవాళ్ళ లెక్క వేరు. కర్రలతో కొట్టినవాళ్ళకి శిక్ష పడింది, కాగితంతో కొట్టినవాళ్ళకి ఏ శిక్షా లేదు. ఆ బల్ల చుట్టూ మన మనిషి ఒక్కడున్నా తీర్మానం ఆగేదని మేము అనం. కానీ ఎవరు చేతులెత్తారో, ఎందుకెత్తారో మొహం మీద అడిగే మనిషి ఒకడు ఉండేవాడు.

అదే సంవత్సరం డిసెంబరు 25న సత్యాగ్రహం చేయాలని పిలుపిచ్చారు. దానికి ముందే కొందరు పై కులాల వాళ్ళు సివిల్ కోర్టుకి వెళ్ళి, అది ఊరుమ్మడి చెరువు కాదు, తమ సొంతమని దావా వేసి తాత్కాలిక నిషేధం తెచ్చారు. సభకి ఊళ్ళో ఎవరూ స్థలం ఇవ్వలేదు, ఫతేఖాన్ అనే ముస్లిం తన స్థలం ఇచ్చాడు. దుకాణదార్లు సరుకులు అమ్మకపోతే బియ్యం, పప్పు బయటి నుంచి తెచ్చుకున్నారు. ఆ రాత్రే మనుస్మృతిని దహనం చేసింది. చెరువు దగ్గరికి పోవాలని జనం పట్టుబట్టారు. కలెక్టర్ స్వయంగా వచ్చి కోర్టు ఉత్తర్వు గురించి చెప్పాడు. అంబేడ్కర్ ఆలోచించి, కోర్టులోనే తేల్చుకుందామని జనాన్ని ఒప్పించారు. చెరువు చుట్టూ ఊరేగింపుగా తిరిగి, నీళ్ళు ముట్టకుండా వెనక్కి వచ్చారు. వెనక్కి తగ్గాడని ఆ రోజుల్లో కొందరు అన్నారు. ఆవేశం ఉన్న వయసులో మేము కూడా అలాగే అనుకున్నాం. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

కేసు పదేళ్ళు నడిచింది. నిషేధాన్ని 1928 ఫిబ్రవరిలోనే ఎత్తేశారు. 1931 జూన్‌లో మహద్ కోర్టు చెరువు మున్సిపాలిటీదే, దావా వేసినవాళ్ళది కాదని తీర్పిచ్చింది. వాళ్ళు పైకి వెళ్ళారు, అక్కడా ఓడిపోయారు. చివరికి 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు కూడా, అంటరానివారిని ఆ నీళ్ళ నుంచి దూరం పెట్టే హక్కు అనాది ఆచారంగా వచ్చిందని వాదులు రుజువు చేయలేకపోయారని తేల్చేసింది. మున్సిపాలిటీకి చెందిన ఆస్తి మీద కులానికి హక్కు లేదని నిలబడింది. ఒక చెంబు నీళ్ళ కోసం పదేళ్ళు, మూడు కోర్టులు.

ఈ పదేళ్ళలో ఆయన ఇంకో పోరాటం కూడా నడిపారు. 1927 నుంచి బొంబాయి శాసనమండలిలో నామినేటెడ్ సభ్యుడిగా ఉన్నారు. 1932 అక్టోబరులో గ్రామ పంచాయతీల బిల్లు చర్చకి వచ్చింది. పల్లెకి అధికారం ఇస్తున్నామని అందరూ మెచ్చుకుంటున్న సమయంలో ఆయన లేచి అడ్డు చెప్పారు. ప్రతి పల్లెలోనూ తన జనం గుప్పెడుమంది, మిగతావాళ్ళు పెద్ద సంఖ్యలో ఉంటారని, అందరికీ ఓటిచ్చినా ఆ గుప్పెడుమంది గెలవలేరని, కాబట్టి వాళ్ళకి సీట్లు కేటాయించకుండా పంచాయతీకి అధికారాలిస్తే కత్తిని అదే చేతికి ఇచ్చినట్టవుతుందని ఆయన వాదన. మహద్ మున్సిపాలిటీ చేసింది చూశాక ఎవరైనా అలాగే మాట్లాడతారు. ఆ బిల్లుకి కొద్దిరోజుల ముందు, సెప్టెంబరు 24న కుదిరిన పూనా ఒడంబడికలో శాసనసభ సీట్ల సంగతే అందరికీ గుర్తుంది. స్థానిక సంస్థల ఎన్నికల్లోగానీ ఉద్యోగాల్లోగానీ కులం కారణంగా ఎవరికీ అనర్హత ఉండకూడదని, న్యాయమైన ప్రాతినిధ్యం కోసం ప్రయత్నించాలని కూడా అందులో రాసుకున్నారు. అయితే సీట్ల సంఖ్య శాసనసభలకే పడింది, మున్సిపాలిటీలకి ప్రయత్నమనే మాట మిగిలింది.

చీపురు పట్టినవాళ్ళని కూడా ఆయన మరచిపోలేదు. 1930లలో బొంబాయి మున్సిపల్ కార్మికుల సంఘానికి నాయకత్వం వహించారు. మున్సిపాలిటీ అంటే కౌన్సిల్ హాలు ఒక్కటే కాదని, దాని కింద మురుగు ఎత్తే మనిషి కూడా మున్సిపాలిటీయేనని ఆయనకి తెలుసు.

1947లో రాజ్యాంగ సభ కోసం ఆయన రాష్ట్రాలు, మైనారిటీలు అనే పెద్ద విజ్ఞాపన తయారుచేశారు. అందులో షెడ్యూల్డు కులాలకి శాసనసభల్లో ఎలా సీట్లు కావాలో, మున్సిపాలిటీల్లో, లోకల్ బోర్డుల్లో కూడా అదే సూత్రం మీద కావాలని స్పష్టంగా రాశారు. తర్వాత రాజ్యాంగ ముసాయిదా కమిటీకి ఆయనే అధ్యక్షులయ్యారు. 1948 నవంబరు 4న ముసాయిదాని ప్రవేశపెడుతూ పల్లెల్ని గొప్పగా పొగిడేవాళ్ళతో తాను ఏకీభవించనని చెప్పి చాలామంది పెద్దల కోపానికి గురయ్యారు. గ్రామ పంచాయతీల మాట 40వ అధికరణంగా ఆదేశిక సూత్రాల్లో చేరింది, దాన్ని ఆయన ఒప్పుకున్నారు. పార్లమెంటులో, అసెంబ్లీలో సీట్లు రాజ్యాంగంలోకి వచ్చాయి. మున్సిపాలిటీల్లో, పంచాయతీల్లో సీట్ల సంగతి రాలేదు. స్థానిక సంస్థలు రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. రాజ్యాంగం రాసినాయన అడిగినవన్నీ రాజ్యాంగంలో ఉన్నాయని మన వక్తృత్వ పోటీల్లో చెప్పేస్తుంటాం. ఇది లేదు.

1956 అక్టోబరు 14న ఆయన నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. డిసెంబరు 6న కన్నుమూశారు.

ఆయన పోయాక మున్సిపాలిటీల బతుకు చాలా ఏళ్ళు దైవాధీనంగా నడిచింది. మన ఆంధ్రప్రదేశ్‌కి 1965లో మున్సిపాలిటీల చట్టం వచ్చింది. ఎన్నికలు పెట్టాలంటే పెట్టేవారు, లేదంటే పాలకవర్గాన్ని రద్దుచేసి ప్రత్యేకాధికారిని కూర్చోబెట్టేవారు. అనేక పట్టణాల్లో ఏళ్ళ తరబడి కౌన్సిలే ఉండేది కాదు. 1989లో తెచ్చిన సవరణ బిల్లు రాజ్యసభలో గట్టెక్కలేదు. చివరికి మన తెలుగువారైన పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉన్నప్పుడు 1992 డిసెంబరులో పార్లమెంటు 73, 74 రాజ్యాంగ సవరణల్ని ఆమోదించింది. పట్టణాలకి సంబంధించిన 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మారుతున్న పల్లెకి నగర పంచాయతీ, చిన్న పట్టణానికి మున్సిపాలిటీ, పెద్ద నగరానికి కార్పొరేషన్ అని మూడు అంతస్తులు ఏర్పడ్డాయి. అయిదేళ్ళ గడువు, ఎన్నికలకి రాష్ట్ర ఎన్నికల సంఘం వచ్చాయి. 12వ షెడ్యూలులో 18 పనుల జాబితా చేర్చారు, అందులో మంచినీళ్ళు ఒకటి. 243-టి అధికరణం ప్రకారం ప్రతి మున్సిపాలిటీలో ఎస్సీ, ఎస్టీలకి జనాభా నిష్పత్తిలో వార్డులు కేటాయించాలి, వాటిలో మూడోవంతుకి తగ్గకుండా మహిళలకివ్వాలి, ఛైర్మన్ పదవుల్లోనూ రిజర్వేషన్ ఉండాలి. బాబాసాహెబ్ 1947లో కాగితం మీద పెట్టింది 1993లో చట్టమైంది. 46 ఏళ్ళు. తెలంగాణ 2019లో కొత్త మున్సిపాలిటీల చట్టం చేసుకున్నా ఈ మెలిక తీసేయలేదు, తీసేయడానికి వీల్లేదు కూడా.

మహద్‌లో ఇప్పుడూ మున్సిపల్ కౌన్సిల్ ఉంది. చౌదార్ చెరువు గట్టున బాబాసాహెబ్ విగ్రహం ఉంది. ఏటా మార్చి 20న జనం వేలల్లో అక్కడికి వెళతారు. 2027 మార్చి 20 నాటికి ఆ దోసెడు నీళ్ళకి నూరేళ్ళు.

మా కుళాయి సంగతి మధ్యలో వదిలేశాం. మేము హాస్టల్ వదిలాక కొన్నేళ్ళకి ఆ వార్డు ఎస్సీ మహిళకి రిజర్వు అయ్యింది. హాస్టల్ వెనక వీధిలో ఇడ్లీబండి పెట్టుకున్న అక్క, మాలో చాలామందికి అప్పు పెట్టిన అక్క, నామినేషన్ వేసి గెలిచింది. మొదటి కౌన్సిల్ సమావేశానికి మన వార్డెన్ సారు రాసిన పాత అర్జీ నకలు పట్టుకెళ్ళింది. మొదటిసారి అజెండాలో చేర్చలేదు. రెండోసారి చేర్చి వాయిదా వేశారు. మూడో సమావేశంలో తీర్మానమైంది. పైపు పడటానికి ఇంకో పది నెలలు పట్టింది. తీర్మానం నకలు ఇప్పటికీ మన హాస్టల్ ఆఫీసు బీరువాలో, స్టాకు రిజిస్టర్ల కింద ఉంది. అడిగితే వార్డెన్ గారు చూపిస్తారు.